ఎదురింటి బూరెలు

వైజాగ్ వన్‌టౌన్‌లో పెరిగినవాళ్ళకి డిసెంబరు వచ్చిందంటే రెండు పండగలు కలిసి వచ్చినట్టే. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి మార్గశిర గురువారాలు, మాకు క్రిస్మస్. ఆ అమ్మవారికి నెత్తిన కప్పు ఉండదు. ఎవరి పసుపు కుంకుమ వాళ్ళే వేసి, ఎవరి పూజ వాళ్ళే చేసుకోవచ్చు. అందుకని గురువారం తెల్లవారుజామునే మా సందులో బిందెల చప్పుడు, నీళ్ళ చప్పుడు మొదలయ్యేవి. సరిగ్గా ఆ వేళకే మా కేరల్స్ బ్యాచ్ డోలక్, హార్మోనియం మోసుకుంటూ, గొంతులు బొంగురుపోయి ఇళ్ళకి తిరిగొచ్చేది. పూజకి వెళ్ళేవాళ్ళూ నిద్రకి వెళ్ళేవాళ్ళూ సందు మలుపులో ఎదురుపడేవాళ్ళం. "ఏరా, అయిపోయాయా మీ పాటలు? ఆ చిన్నోడికి మఫ్లర్ ఏదీ?" అని తడి జుట్టు ముడేసుకుంటూ అడిగేవారు ఎదురింటి పిన్నిగారు.

ఇది ఎనభైల చివరి మాట. పెంకుటిళ్ళు, వాటాల ఇళ్ళు, ముందు అరుగులు. ఒకళ్ళింట్లో పోపు వేస్తే నాలుగిళ్ళకి తెలిసేది. మార్గశిర మాసమంతా పిన్నిగారింట్లో నీచు ఉండేది కాదు. మా అమ్మ ఆ నెలలో గురువారాలు ఎండుచేపలు వేయించేది కాదు, ఆ వాసన గాలికి తిన్నగా ఎదురింట్లోకి పోతుందని. నాన్న విసుక్కునేవాడు. "మనింట్లో మనం వండుకోడానికి కూడా పంచాంగం చూడాలా?" అనేవాడు. "చూస్తే ఏం పోయింది, రేపు వేయిస్తాలే" అనేది అమ్మ. అక్కడితో ఆ చర్చ అయిపోయేది. క్రిస్మస్‌కి అరిసెలు, కజ్జికాయలు, జంతికలు వండేటప్పుడు వాళ్ళ వాటా ముందు కొత్త నూనెలో తీసి, ఆ తర్వాతే మాకు వేసేది. కేకు మాత్రం పంపేది కాదు, గుడ్డు ఉంటుందని. వాళ్ళ అబ్బాయి మా ఇంటికొచ్చి తిని, మూతి తుడుచుకుని వెళ్ళేవాడనుకోండి, అది వేరే కథ.

మా నుంచి అటు వెళ్ళేవాటితో ఏ పేచీ లేదు. అటు నుంచి ఇటు వచ్చేవాటితోనే వచ్చేది.

తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో పుట్టినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఎదురింటి నుంచి స్టీలు ప్లేటు మీద ఇంకో ప్లేటు బోర్లించి వస్తుంది. తీసి చూస్తే పులిహోర, చక్కెర పొంగలి, లేకపోతే సింహాచలం లడ్డు. అది ప్రసాదమా, వట్టి వంటా? అడగాలా, అడక్కుండా తీసుకోవాలా? మా సంఘంలో కొంతమంది గుమ్మంలోనే "మేం తినమండీ" అని చెప్పి పంపేసేవారు. ఎక్కువమంది నవ్వుతూ పుచ్చుకుని, తలుపేశాక పనిమనిషికో ఆవుకో పెట్టేసేవారు. మా మామ్మ ఈ రెండో రకం. నాకైతే మొహం మీద వద్దన్నవాళ్ళే కాస్త నయమనిపించేది. పిన్నిగారు మర్నాడు "ఉప్పు సరిపోయిందా?" అని అడిగినప్పుడు మామ్మ "బాగా కుదిరిందమ్మా" అంటుంటే నాకు తల ఎత్తబుద్ధేసేది కాదు.

అందరికీ తెలిసేలా అరుగు మీద కూర్చుని తినేసేది ఒక్క మాస్టారే.

మాస్టారు అంటే ఆయన బడిలో మాస్టారు కాదు. పోర్ట్‌లో ఉద్యోగం. శుక్రవారం సాయంత్రాలు వాళ్ళింట్లో బైబిల్ స్టడీ చెప్పేవారు కాబట్టి ఊరందరికీ మాస్టారైపోయారు. మా పక్క వాటా. ముందుగదిలో ఒక గోడంతా పుస్తకాలే. తెలుగు బైబిలు, ఇంగ్లీషు బైబిళ్ళు రెండు మూడు రకాలు, ఏ మాట బైబిల్లో ఎక్కడుందో చూపే ఇటుకంత లావు కంకార్డెన్సు, బౌండు ఊడిపోయిన వ్యాఖ్యానాలు. గ్రీకు అక్షరాలు సొంతంగా నేర్చుకున్నారు. వాళ్ళావిడని మేం ఆంటీ అనేవాళ్ళం. ఆవిడకి మాత్రం ఆ పుస్తకాల మీద పడే దుమ్ము మీద తప్ప వేరే ఆసక్తి ఉండేది కాదు. మాస్టారు ఆవిడకి భయపడేవారు. ఆ మాట ఆయనే చెప్పేవారు.

ఆయనకి వైజాగ్ అంటే మహా గొప్ప. తెలుగులో మొదట అచ్చయిన సువార్తల తర్జుమా ఇక్కడే, ఈ పాత ఊళ్ళోనే జరిగిందని ఏడాదికి ఒకసారైనా చెప్పకుండా ఉండేవారు కాదు. 1805లో లండన్ మిషన్ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డేగ్రాంజెస్ అనే ఇద్దరు కుర్రవాళ్ళు వచ్చి, ఇక్కడి వాళ్ళ దగ్గర తెలుగు నేర్చుకుని, సువార్తలు తెలుగు చెయ్యడం మొదలుపెట్టారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు వాళ్ళకి చేదోడు. క్రాన్ 1809లో, డేగ్రాంజెస్ 1810లో పోయారు. మూడు సువార్తలు బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయి వచ్చింది 1812లో. "ఇద్దరూ అచ్చు పుస్తకం చూడలేదర్రా" అనేవారు మాస్టారు. ఆ ముక్క చెప్పేటప్పుడు ప్రతిసారీ కళ్ళజోడు తీసేవారు.

ఆ ఏడాది చలికాలంలో స్టడీ బైబిల్లో అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, అంటే ఉత్తరం, మీద నడుస్తోంది. పోర్ట్ మనిషి కాబట్టి గ్రీసులోని ఆ కొరింథు ఆయనకి బాగా అందింది. "అదీ మన వైజాగ్‌లాగే హార్బరు ఊరు. రెండు వైపులా రెండు రేవులు. తూర్పున కెంక్రేయ, పడమర లెకాయం. సరుకు ఎక్కడ దిగితే మనుషులూ అక్కడే దిగుతారు, వాళ్ళ దేవుళ్ళూ దిగుతారు" అనేవారు. క్రీస్తుకి పూర్వం 146లో రోమన్లు ఆ ఊరిని నేలమట్టం చేశారు. తర్వాత నూరేళ్ళకి జూలియస్ సీజర్ మళ్ళీ కట్టించాడు. అంటే పౌలు వెళ్ళేనాటికి ఎక్కువమంది బయటి నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళూ వాళ్ళ పిల్లలూ మనవలే. కొత్త డబ్బు, కొత్త హోదాలు. గుళ్ళలో బలిచ్చిన మాంసంలో మిగిలినది బజారుకొచ్చేది. గుడి ఆవరణల్లో భోజనశాలలు ఉండేవి, పెళ్ళికీ పుట్టినరోజుకీ అక్కడే విందులు. తవ్వకాల్లో ఆ గదులు, గోడల చుట్టూ పడుకుని భోంచేసే బల్లలు బయటపడ్డాయి కూడా. మాంసం ముఖం చూడాలంటే బీదవాడికి పండగ రావాలి. డబ్బున్నవాడికి ఎప్పుడూ ఏదో ఒక పిలుపు ఉండేది. ఇలాంటి ఊళ్ళో కొత్తగా విశ్వాసులైనవాళ్ళు పౌలుకి ఉత్తరం రాశారు, ఏం చెయ్యమంటావని.

"జవాబు వాళ్ళకీ తెలుసు" అన్నారు మాస్టారు. "ఒక్కడే దేవుడు, మిగతాది వట్టిది, తిండికి పాపం అంటదు. చదువుకున్నవాళ్ళు ఇలా తేల్చేశారు. పౌలు అది తప్పనలేదు. మీరన్నది నిజమే అన్నాడు. అని ఊరుకున్నాడా?"

ఎనిమిదో అధ్యాయం మొదటి వచనం మాలో ఎవరికి రాదు? "జ్ఞానము ఉప్పొంగజేయును గాని ప్రేమ క్షేమాభివృద్ధి కలుగజేయును." ఆదివారం బడిలో కంఠస్థం చేసి పెన్సిలు బహుమతి కొట్టిన వచనం అది. దాని వెనకాల మాంసం ముక్క ఉందని మాకు అప్పుడే తెలిసింది.

ఆ స్టడీకి ఒక అన్నయ్య వచ్చేవాడు. బైబిల్ కాలేజీలో చదువుతూ సెలవులకి ఊరొచ్చినవాడు. బాగా తెలివైనవాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఎర్ర పెన్సిల్‌తో గీతలు గీసిన బైబిలు తెచ్చుకుని, మాస్టారు ఒక మాట అనగానే ఇంకో అధ్యాయం తీసేవాడు. "పదో అధ్యాయంలో దయ్యముల బల్ల అన్నాడు కదా మాస్టారూ, మరి మీరు అరుగు మీద తినేదేంటి?" అని ఒక శుక్రవారం అందరి ముందూ అడిగేశాడు. మాస్టారు చెప్పారు. గుళ్ళో బల్ల దగ్గర కూర్చోవడం వేరు, ఒకరింట్లో వడ్డించింది తినడం వేరు, అదే పదో అధ్యాయం చివర్లో ఏ విచారణా చెయ్యకుండా తినమన్నాడు, చూడు అన్నారు. అన్నయ్య దానికీ ఏదో తీశాడు. మాస్టారు దానికి ఇంకోటి. ఆ తర్వాత వరసగా కొన్ని శుక్రవారాలు ఇదే వరస. మాకు మొదట్లో సరదాగానే ఉండేది. రానురాను ఆడవాళ్ళు రావడం తగ్గింది. ఆంటీ టీ గ్లాసులు టక్కు టక్కుమని పెట్టి వెళ్ళిపోయేవారు. కోర్టు వాయిదాలా తయారైన ఆ స్టడీలో ఎవరూ ఎవరి కోసమూ ప్రార్థన చెయ్యట్లేదని మొదట గమనించింది ఆవిడే.

అసలు సంగతి ఇది కాదు. ఆ గదిలో తలుపు పక్కన ఇంకొకడు కూర్చునేవాడు.

జాలారిపేట కుర్రాడు. బోటు మీద పనికి వెళ్ళేవాడు. అంతకు ముందు ఏడాదే బాప్తిస్మం తీసుకున్నాడు. వాళ్ళ నాన్న గంగమ్మ పండగకి డప్పు పట్టేవాడు, వీడూ చిన్నప్పటి నుంచీ పక్కన వాయించినవాడే. చదువు రాదు. స్టడీకి గంట ముందే వస్తే మాస్టారు అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేవారు. పలక కూడా కాదు, పోర్ట్ ఆఫీసులో పారేసే పాత ఫారాల వెనక వైపు. వాడి వేళ్ళు వల తాళ్ళకి కోసుకుపోయి బిరుసుగా ఉండేవి, పెన్సిలు పట్టుకుంటే విరిగిపోయేది. "మెల్లగా రా, అది తెడ్డు కాదు" అనేవారు మాస్టారు. డిసెంబరు వచ్చేసరికి యోహాను సువార్త కూడబలుక్కుని చదివేవాడు. "ఆదియందు... వాక్య... ముం... డెను." అది పూర్తయ్యాక వాడు మా అందరి మొహాలూ చూసేవాడు, ఎవరైనా బాగుందంటారేమోనని.

ఒక గురువారం వాడు పని లేక ముందుగా వచ్చాడు. పిన్నిగారింట్లో అప్పుడే పూజయింది. మాస్టారి ప్రాణం బూరెల మీద ఉంటుందని పిన్నిగారికి తెలుసు. అమ్మవారికి నైవేద్యం పెట్టిన బూరెలు వేడి చల్లారకుండా పట్టుకొచ్చారు. మాస్టారు బూరెకి బొటనవేలితో గుంట చేసి, అందులో చెంచాడు నెయ్యి పోయించుకుని, నెయ్యి పూర్ణంలోకి ఇంకేదాకా ఆగి, అప్పుడు నోట్లో పెట్టుకున్నారు. అది చూడ్డానికే బాగుండేది. వాడు మెట్టు మీద ఆగి చూశాడు. మాస్టారు "రారా, నువ్వూ తీసుకో" అని ప్లేటు చాపారు. వాడు వద్దనీ అనలేదు, తీసుకోనూ లేదు. "సముద్రం మీదకి ఎల్లాల మాస్టారూ" అని వెళ్ళిపోయాడు. మర్నాడు స్టడీకి రాలేదు. ఆ పై వారమూ రాలేదు.

క్రిస్మస్ దగ్గర పడుతోంది, వాడి జాడ లేదు. మాస్టారు ఒక ఆదివారం మధ్యాహ్నం లూనా తీశారు. వెనకాల నేను. కోస్టల్ బ్యాటరీ దాటి, ఆర్కే బీచ్ మీదుగా పెదజాలారిపేట దాకా ఆ బండి మా ఇద్దర్నీ మోస్తూ మూలుగుతూనే ఉంది. వాడు ఇసకలో తిరగేసిన తెప్ప నీడన కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, సారా వాసన. మమ్మల్ని చూసి లేవబోయాడు. మాస్టారు ప్యాంటు మడుచుకుని వాడి పక్కనే ఇసకలో కూలబడ్డారు.

చాలాసేపు వలల గురించే మాట్లాడుకున్నారు. తర్వాత వాడే చెప్పాడు.

"మీకంతా తెలుసు మాస్టారూ. మీకు బూరంటే బూరే. నాకలా కాదు. మీరే తింటన్నారు కదా, నాకేటని మా పేటలో సంబరానికి పిలిస్తే ఎలిపోనాను. అమ్మోరి కాడ పెట్టింది తినీసినాను. ఆ డప్పు సప్పుడికి సేతులు ఊరుకోనేదు, నానూ వాయించీసినాను. ఆ రేత్రి నిద్దరట్నేదు. మళ్ళీ పాత నాయాల్నే అయిపోనానేమో అని భయం. మరింక మీ దగ్గిరికి ఏ మొహమెట్టుకుని ఒస్తాను?"

మాస్టారు ఎదురు చెప్పడానికి ఎన్ని ఉన్నాయో నాకే తెలుసు. బజారులో మాంసం, మనస్సాక్షి, వట్టిది, అన్నీ విని ఉన్నాను. ఒక్క వచనమూ తీయలేదు. "శుక్రవారం రా. నీ యోహాను సువార్త ఆరో అధ్యాయంలో ఆపేశాం" అన్నారంతే. వాడు లేచి మా లూనాని రోడ్డు దాకా తోసి స్టార్ట్ చేసి ఇచ్చాడు.

తిరిగొచ్చేటప్పుడు బీచ్ రోడ్డంతా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఇల్లు చేరాక బండి స్టాండ్ వేసి, తిన్నగా ఎదురింటి అరుగెక్కారు. నేను మా గుమ్మంలోంచి చూస్తున్నాను. ఆయనేం చెప్పారో అప్పుడు వినపడలేదు. పిన్నిగారు తర్వాత మా అమ్మకి చెప్తే తెలిసింది.

"అమ్మా, మీరు తప్పుగా అనుకోకూడదు. ఇక మీదట అమ్మవారికి పెట్టినవి నాకు పంపకండి. నాకు ఏ అభ్యంతరమూ లేదు, ఆ సంగతి మీకూ తెలుసు. నా దగ్గరకొచ్చే ఒక పిల్లాడికి ఉంది" అన్నారట.

పిన్నిగారు నొచ్చుకుంటారేమోనని అమ్మ భయపడింది. ఇక్కడే నాకు ఆ పత్రికలో లేని చిక్కొకటి కనపడేది. పౌలు బలహీనుడైన సహోదరుడి మాట చెప్పాడు. మరి ప్రేమగా ప్లేటు పట్టుకొచ్చిన ఎదురింటావిడ? ఆవిడ మనసు సంగతేంటి? ఒకడి కోసం మానుకుంటే ఇంకొకరికి గుచ్చుకుంటుంది కదా. సంఘంలో "మేం తినమండీ" అని ప్లేటు తిప్పి పంపేవాళ్ళకి ఈ రెండో మనిషి ఎప్పుడూ కనిపించేది కాదు. మాస్టారికి కనిపించింది. అందుకే మనిషిని పంపకుండా తానే వెళ్ళారు, కారణం దాచకుండా చెప్పారు.

పిన్నిగారు కాసేపు ఆలోచించి, "మా తమ్ముడు మాల వేసుకున్నప్పుడు మేమూ ఇంట్లో అన్నీ మానేస్తాం కదండీ. వాడొక్కడి కోసం ఇల్లంతా" అన్నారట. ఆవిడకి అంతకన్నా వివరం అక్కర్లేకపోయింది.

మరుసటి గురువారం ఆవిడ చేసిన పని మాత్రం ఎవరూ అడిగింది కాదు. పూజకి ముందే పక్కన కొంచెం పూర్ణం తీసి ఉంచుదామంటే వాళ్ళ అత్తగారు ఊరుకోలేదు. "అమ్మోరికి పెట్టకుండా ముందే తీస్తావేటి?" అని కేకలేశారు. అది నిజమే, ఆవిడ నమ్మకం ఆవిడది. దాంతో పిన్నిగారు పూజంతా అయ్యాక, పొద్దున్నుంచీ ఉపవాసంతో ఉండి కూడా, పెరట్లో కిరోసిన్ స్టవ్ వెలిగించి, విడిగా నానబెట్టిన మినపప్పు తోపులో, విడిగా ఉడకబెట్టిన శనగపప్పు పూర్ణంతో, చిన్న మూకుడులో బూరెలు మళ్ళీ వండారు. స్టవ్ వత్తులు సరిగా లేక పొగ. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ తిప్పడం మా పెరటి గోడ మీంచి చూశాను. "ఇవి అమ్మవారికి పెట్టినవి కావు మాస్టారూ, వట్టి బూరెలే" అని చెప్పి మరీ ఇచ్చారు. ఆ తర్వాత ప్రతి మార్గశిరంలోనూ ఆవిడ ఇంట్లో వంట రెండుసార్లు. అత్తగారు పోయాక కూడా ఆ పద్ధతి మారలేదు.

ఆ కుర్రాడికి మాస్టారు ఈ సంగతి చెప్పలేదు. మమ్మల్నీ చెప్పనివ్వలేదు. చెప్తే వాడి మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుందని ఆంటీతో అన్నారట. నా వరకు నాకు, ఆయన మానెయ్యడం కన్నా ఇది పెద్దగా కనిపిస్తుంది. నీ కోసం వదులుకున్నాను అని వినిపించేలా వదులుకునేవాళ్ళని సంఘాల్లో చాలామందిని చూశాను. వాళ్ళ త్యాగానికి మనమే జీవితాంతం వడ్డీ కట్టాలి.

వాడు శుక్రవారం వచ్చాడు. తలుపు పక్కనే కూర్చున్నాడు. ఆ రోజు స్టడీ ఎనిమిదో అధ్యాయం చివరి వచనం. భోజనం వల్ల నా సహోదరుడికి అభ్యంతరం కలిగితే నేనెన్నటికీ మాంసం తినను అని పౌలు చెప్పే చోటు. ఎర్ర పెన్సిల్ అన్నయ్య ఏదో అడగబోయాడు. మాస్టారు "నువ్వన్నది నిజమే అయ్యుండొచ్చు" అని, ప్రార్థన చెయ్యమని ఆ జాలారిపేట కుర్రాడిని అడిగారు. వాడికి పెద్ద మాటలు రావు. ముందు బోటు మీద ఉన్నవాళ్ళ కోసం చేశాడు. తర్వాత ఆంటీ మోకాలి నొప్పి కోసం చేశాడు. ఆమేన్ అన్నాక ఆంటీ ఆ రోజు టీతో పాటు జంతికలు కూడా తెచ్చారు.

మాస్టారు చదవడం మానేశారా అంటే, లేదు. ఇంకా ఎక్కువే చదివారు. జ్ఞానం చెడ్డదనీ, చదువుకుంటే విశ్వాసం పోతుందనీ ఎవరైనా సాక్ష్యంలో అంటే ఆయనకి మా చెడ్డ కోపం వచ్చేది. క్రాన్, డేగ్రాంజెస్ తెలుగు నేర్చుకోకపోతే నీ చేతిలో ఈ పుస్తకం ఎక్కడిదిరా అనేవారు. అప్పట్నుంచీ ఆయన చదివింది అరుగు మీద కూర్చున్నవాడికి ఎంతవరకు పనికొస్తుందో చూసుకుని చెప్పేవారు, మిగతాది నోట్సులో రాసి పెట్టుకునేవారు. ఆ నోట్సులు బీరువా నిండా ఉన్నాయి.

పదమూడో అధ్యాయానికి వచ్చాక ఆయన చెప్పిన ఒక సంగతి నాకు ఇప్పటికీ పెళ్ళిళ్ళలో గుర్తొస్తుంది. ప్రేమ దీర్ఘకాలము సహించును, దయ చూపించును అని ఫ్రేము కట్టించి కొత్త దంపతులకి ఇస్తాం కదా. అది పెళ్ళి కోసం రాసింది కాదు. పౌలువాణ్ణనీ అపొల్లోవాణ్ణనీ వర్గాలుగా చీలినవాళ్ళకి, ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కినవాళ్ళకి, ప్రభువు బల్ల దగ్గర ఉన్నవాడు ముందే తినేసి లేనివాణ్ణి ఆకలితో కూర్చోబెట్టినవాళ్ళకి, ఎవరి వరం గొప్పదో తేల్చుకోలేక కొట్టుకుంటున్నవాళ్ళకి రాసింది. ప్రేమ డంబముగా ప్రవర్తింపదు, ఉప్పొంగదు అన్నాడంటే వాళ్ళు ఏం చేస్తున్నారో అదే వరసగా చెప్పాడన్నమాట. మర్మములన్నియు జ్ఞానమంతయు ఎరిగినా ప్రేమ లేకపోతే వ్యర్థుడను అని వాళ్ళకి తగలకుండా తన మీదే పెట్టుకుని రాశాడని మాస్టారు మెచ్చుకునేవారు. "నువ్వు వ్యర్థుడివి అనలేదు చూడు. నేను అన్నాడు" అనేవారు.

ఆ అన్నయ్య తర్వాత వేరే ఊళ్ళో స్థిరపడ్డాడు. ఇప్పుడు మా పాత యూత్ వాట్సాప్ గ్రూపులో ఉన్నాడు. ప్రతి డిసెంబరులోనూ ప్రసాదం మీద ఎవరో ఒకరు మొదలుపెడతారు. రాత్రి రెండింటి దాకా వచనాలు పడుతూనే ఉంటాయి. నేను మ్యూట్‌లో పెట్టుకుంటాను.

హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు, 2014 అక్టోబరు 12న, మా సందులో మిగిలిన రెండు మూడు పెంకుటిళ్ళూ దెబ్బతిన్నాయి. కరెంటు లేదు, నీళ్ళు లేవు. ఆ రోజుల్లో ఆ జాలారిపేట కుర్రాడు వచ్చి మాస్టారింటి కప్పు మీద టార్పాలిన్ కట్టాడు. కుర్రాడంటున్నాను గానీ అప్పటికే వాడి జుట్టు సగం నెరిసింది. సొంత బోటు, పెళ్ళీడుకొచ్చిన కూతురు, వాళ్ళ పేట సంఘంలో పెద్ద. ఆదివారాలు వాక్యం కూడా చెప్తాడని విన్నాను. టార్పాలిన్ కడుతున్నప్పుడు పిన్నిగారు కిందనుంచి తాడు అందిస్తూ మాటల్లో మాటగా పాత సంగతి అంతా చెప్పేశారు. ఆవిడకి అది దాచాల్సిన రహస్యమని ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు మరి.

ఆ డిసెంబరులో నేను సెలవుపెట్టి ఊరెళ్ళాను. గురువారం. మాస్టారు అరుగు మీద కుర్చీలో ఉన్నారు, చెవులు కొంచెం మందగించాయి. పిన్నిగారు ఎప్పటిలాగే విడి బూరెల ప్లేటుతో వచ్చారు. వాడూ ఉన్నాడు, క్రిస్మస్‌కి చందువా చేపలు తెచ్చి ఆంటీకి ఇచ్చి వెళ్దామని వచ్చాడు.

"పిన్నిగారూ, ఇంక రెండోసారి స్టవ్వు ఎలిగించకండి. నాను బాగానే ఉన్నాను" అన్నాడు ప్లేటు చూసి. తర్వాత మాస్టారి చెవి దగ్గరకి వంగి గట్టిగా, "ఇన్నేళ్ళూ నా కోసం మానీసినారంట కదా మాస్టారూ. ఇప్పుడు నాకేటీ నేదు. అమ్మోరికెట్టినవైనా సరే, మీరు తినండి" అన్నాడు.

మాస్టారు వాడి మొహం చూసి, ప్లేటు చూసి, "ఇప్పుడా చెప్పడం? ఆర్నెల్ల కిందటే డాక్టరు బంద్ చేశాడు. షుగరు" అన్నారు.

"ఒక్కటి తింటే ఏం కాదులెండి" అన్నారు పిన్నిగారు.

"ఏం కాదని నాకు తెలుసమ్మా. మా ఆవిడకి తెలీదు కదా" అని లోపల గదివైపు ఓ చూపు చూసి, ప్లేటు వాడి వైపు జరిపారు. వాడు రెండు తిన్నాడు. నేను మూడు తిన్నాను.